గోడకెక్కిన వదినగారు

మామూలుగా మనిషి గోడకెక్కాలంటే ముందు పోవాలి. మా వదినగారు అలాంటి పనేమీ పెట్టుకోకుండా, నిక్షేపంలా మూడుపూటలా భోంచేస్తూ, కనపడ్డవాళ్లనల్లా దులిపేస్తూ, మా కుట్టుషాపు గోడకెక్కి తొమ్మిదేళ్లపాటు వేలాడారు. ఎక్కించింది ఆవిడ సొంత చెల్లెలు, అంటే మా ఆవిడ. మేకు కొట్టింది నేను. మేకు కొట్టిన రోజునుంచి నా ఇంట్లో నా మాట చెల్లలేదు. అంతకుముందు మాత్రం చెల్లిందా అంటే, ఆ సంగతి ఇప్పుడెందుకు?

ఇదంతా కత్తెరతో మొదలైంది. అక్కచెల్లెళ్లిద్దరూ చిన్నప్పుడు ఒక్క కుట్టుమిషన్ కోసం జుట్టూ జుట్టూ పట్టుకునేవారట. వాళ్లమ్మ విసిగిపోయి, "కత్తెర పెద్దదానికి, మిషన్ చిన్నదానికి. ఒకళ్లది ఇంకొకళ్లు ముట్టుకున్నారంటే వీపు విమానం మోత మోగిస్తా" అని పంపకాలు చేసేసింది. ఆ పంపకం అలాగే నిలిచిపోయింది. వీధి వైపు తలుపున్న ఒకే ఒక్క అద్దె గదిలో పెద్దావిడ నిలబడి గుడ్డ కోసేవారు, చిన్నావిడ కూర్చుని కుట్టేది. ఏళ్లు గడిచినా పెద్దావిడకు మిషన్‌లో దారం ఎక్కించడం రాలేదు, చిన్నావిడకు కత్తెర పట్టుకుంటే చేతులు వణకడం పోలేదు.

ఊళ్లో వదినగార్ని అందరూ జడ్జిగారు అనేవారు. ఆవిడ ఒకసారి కోశాక ఇక అప్పీలు లేదు కాబట్టి ఆ పేరు వచ్చింది. పెళ్లెందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే, "కొలతలు కుదరలేదు" అని సుద్దముక్కతో గుడ్డమీద బర్రున గీత గీసి, మాట అక్కడితో తెంపేసేవారు.

నేను లిఫ్టులు బాగుచేసే పనిమీద ఈ దేశం వచ్చాను. మా ఆవిడను వెంట తెచ్చుకున్నాను. నేను తెచ్చుకున్నది సగం టైలర్నని, పక్కింటావిడ ఒక గౌను తెచ్చి "కాస్త పొట్టి చేసిపెట్టమ్మా" అని ఇచ్చేదాకా నాకు తెలియదు. పొద్దున నేను పనికి వెళ్లేటప్పుడు గౌను బల్లమీద పరిచి ఉంది. సాయంత్రం వచ్చేసరికి అలాగే ఉంది. మా ఆవిడ కత్తెర పట్టుకుని దాని ముందు కూర్చుని ఉంది.

"కొయ్యవే" అన్నాను.

"మా అక్క చెప్పందే నేను కొయ్యను."

అక్క సముద్రాల అవతల ఉంది. అయితేనేం, ఫోన్ ఉందిగా! వీడియో కలిపి, ఫోన్‌ను ఒక డబ్బాకు ఆనించి నిలబెట్టింది. అటువైపు జడ్జిగారు కళ్లజోడు సవరించుకుని, బల్లమీది గౌనును దోషిని చూసినట్టు చూసి, "ఇంకాస్త కింద. ఆ... అక్కడ. కొయ్యి" అన్నారు. కర్ కర్‌మని గౌను తెగింది. పక్కింటావిడ వేసుకుని చూసుకుని, ఊరంతా చాటింది. అలా మా షాపు పుట్టింది. డబ్బాకు ఆనించిన ఫోన్ మాటిమాటికీ పడిపోతోందని, షాపు తెరిచాక కోతబల్లకు ఎదురుగోడకు నా చేత మేకు కొట్టించారు.

మాకు పొద్దున అయితే వాళ్లకు సాయంత్రం. వదినగారు అక్కడ తన పని ముగించుకుని, టీ గ్లాసుతో వచ్చి మా గోడమీద కూర్చునేవారు. కోతలన్నీ పొద్దున్నే అయిపోయేవి. ఆ తరువాత మా ఆవిడ కుడుతూ కూర్చునేది, ఆవిడకు నిద్ర వచ్చేదాకా ఇద్దరూ కబుర్లాడుకునేవారు. ఏం కబుర్లని అడక్కండి. పాలావిడ కోడలు పుట్టింటికి వెళ్లిందా, ఎదురింటి సైకిల్ షాపతను మళ్లీ అలిగాడా, మూల మీద కొత్త దీపం వేశారా, ఇవీ విషయాలు. వదినగారి వెనకాల గది తలుపు బార్లా తీసి ఉండేది. దానిగుండా వీధి వీధంతా మా షాపులోకి వచ్చిపడేది. హారన్లు, కేకలు, కుక్క అరుపులు. ఇక్కడి గిరాకీలు మా ఆవిడ రేడియో పెట్టుకుందనుకునేవారు.

ఇందులో ఒక చిక్కు ఉంది. ఫోన్ ఎదురుగోడకు ఉంది కాబట్టి వదినగారి కుడి మా ఆవిడకు ఎడమ. మొదట్లో రెండు చొక్కాలు, ఒక కోటు ఈ తేడాకు బలయ్యాక ఇద్దరూ ఒప్పందానికి వచ్చారు. ఎవరు చెప్పేది వాళ్ల వైపునుంచి చెప్పాలి, వినేవాళ్లు తిప్పుకోవాలి. ఆ తిప్పుకోవడం ఎంత ఒంటబట్టిందంటే, మా ఆవిడ పక్కన కూర్చుని కుడిని ఎడమంటూ దారి చెబుతుంటే నేను కారును ఎన్నిసార్లు ఎదురుబండ్ల వీధిలోకి తిప్పానో లెక్కలేదు. పోలీసు ఆపితే ఆవిడ తాపీగా, "నేను సరిగ్గానే చెప్పా, ఆయనే తిప్పుకోలేదు" అంది.

గిరాకీలు గోడమీది మనిషికి బాగా అలవాటుపడిపోయారు. లోపలికి రాగానే గోడకు నమస్కారం పెట్టి, ఇటు తిరిగి, అటు తిరిగి, చేతులెత్తి చూపించేవారు. "ఆయన్ని పొట్ట బిగపట్టొద్దని చెప్పవే. అద్దం ముందు అందరూ సన్నగానే ఉంటారు" అని గోడ అరిచేది. మా ఆవిడ దాన్ని ఇక్కడి భాషలోకి మార్చేది. పెద్ద పెద్ద ఆఫీసర్లు కూడా బుద్ధిగా పొట్ట వదిలేసేవారు.

వాళ్లలో పోస్టుమాస్టారు ఒకాయన. ఉద్యోగం చేసి దిగిపోయిన పెద్దమనిషి. ఆయన కుడికాలు ఎడమకాలికంటే ఒక అంగుళం పొట్టి. ఏ కొత్త ప్యాంటు కొన్నా తిన్నగా మా షాపుకే తెచ్చేవాడు. నడిచేటప్పుడు ఆ తేడా ఎవరికీ కనపడకుండా కుట్టగలిగింది మా గోడ ఒక్కటేనని ఆయన నమ్మకం.

నాకు మాత్రం ఆ ఫోన్ అంటే ఒళ్లుమంట. సెలవురోజున కాస్త బద్ధకంగా షాపులోకి వెళ్తే, "మరిదిగారూ, రెండో గుండీ ఊడింది, చూసుకున్నారా?" అని సముద్రం అవతలనుంచి కేక. నా మీద తీర్పులు, నా గడ్డంమీద తీర్పులు. "ఒకసారి మనిషినే రప్పించెయ్యి, ఈ గోల వదిలిపోతుంది" అని మా ఆవిడతో అనేవాణ్ని. నేను అనక్కర్లేదు, ఆవిడ రోజూ ఆ పాటే పాడేది. "అక్కా, వచ్చేయవే. నేను ఒక్కదాన్నీ ఉండలేకపోతున్నా." వదినగారు ఏదో ఒక వంక పెట్టేవారు. ఒకరోజు మాత్రం వంక పెట్టలేదు.

"వస్తాలేవే" అన్నారు.

మా ఆవిడ మిషన్ ఆపేసింది. "నిజంగా?"

"విమానం ఎక్కాలని ఉంది. ఇంకొన్నాళ్లు పోతే మోకాళ్లు ఒప్పుకోవు."

అంతే కారణం! మా ఆవిడ ఆ రోజు కుట్టిన చొక్కాలన్నిటికీ కాజాలు ఒకవైపు, గుండీలు ఇంకోవైపు పోయాయి.

వదినగారికి ముందు ఆరునెలలు ఉండటానికి అనుమతి వచ్చింది. ఇష్టమైతే మా దగ్గరే ఉండిపోవడానికి తరువాత పెట్టుకోవచ్చు. అక్కడి గది యజమానురాలు, "ఆరునెలలదాకా తాళం అలాగే ఉంచుతా. అప్పటికీ రాకపోతే వేరేవాళ్లకిచ్చేస్తా, నన్ను ఏమీ అనుకోకు తల్లీ" అని చెప్పింది. అప్పుడు ఆ మాటను మేమెవరం పట్టించుకోలేదు.

విమానాశ్రయంలో అందరూ బయటికి వచ్చారు, వదినగారు రాలేదు. చివరికి అద్దాలగుండా చూస్తే, కదిలే బాట మీద ఎదురు నడుస్తూ ఉన్నచోటే ఉన్నారు. ముఖంలో కంగారు లేదు సరికదా, పట్టుదల ఉంది. ఎవరో చెయ్యిపట్టి దింపారు. అక్కాచెల్లెళ్లు ఒకళ్లనొకళ్లు వాటేసుకున్నారు. తరువాత కాస్త ఎడంగా జరిగి, ఒకళ్ల ముఖం ఒకళ్లు చూసుకుంటూ నిలబడిపోయారు. రోజూ గంటలకొద్దీ మాట్లాడుకున్నవాళ్లకు ఎదురెదురుగా ఒక్క మాట దొరకలేదు.

మా ఆవిడే ముందు నోరు తెరిచింది. "అక్కా, వినపడుతోందా?"

"ఆ, వినపడుతోంది. నీకు?" అన్నారు వదినగారు, గట్టిగా.

అక్కడున్నవాళ్లంతా తిరిగి చూశారు. మేం ముగ్గురం కడుపులు పట్టుకుని నవ్వుతూ సామాను బండి వదిలేశాం. అది దానంతటదే వెళ్లి ఎవరి సంసారంలోనో కలిసింది.

వదినగారు షాపు వెనకగదిలో మకాం పెట్టారు. కొత్తచోట బెంగపెట్టుకుంటారేమోనని మేం బెంగపెట్టుకున్నాం. ఆవిడ బెంగ జోలికే పోలేదు. రెక్కలొచ్చిన మనిషిలా తిరిగారు. బస్సెక్కి ఆఖరి స్టాపుదాకా పోయి, అదే బస్సులో తిరిగొచ్చేవారు. ఇక్కడి భాషలో రెండు మాటలు నేర్చుకున్నారు, ఒకటి "బాగుంది", రెండోది "కుదరదు". ఆ రెండింటితో సంతలో బేరాలాడారు, పక్కషాపు చెప్పులాయనతో గొడవపడ్డారు, మళ్లీ ఆయనతోనే స్నేహం చేశారు. ఒక ఆదివారం నేను బాగుచేసే ఎత్తయిన భవనానికి తీసుకెళ్లి లిఫ్టు ఎక్కించాను. పైకి వెళ్లేటప్పుడు కళ్లు మూసుకున్నారు. పైన ఊరంతా చూశాక, "మరిదిగారూ, ఇంకోసారి" అన్నారు. ఇంకోసారి, ఇంకోసారి అంటూ చీకటిపడేదాకా నన్ను ఎక్కించారు. ఆవిడ ముఖం చిన్నపిల్ల ముఖంలా వెలిగిపోతోంది. అంత గయ్యాళి మనిషిలో అంత సంతోషం ఎక్కడ దాక్కుందో అని నాకు ఆశ్చర్యం వేసింది. నిజం చెప్పొద్దూ, ఆ రోజునుంచి నాకు ఆవిడ మీద అభిమానం వచ్చేసింది.

షాపులో అయితే జాతరే. ఇన్నేళ్లూ ఆవిడను నడుము పైనే చూసిన గిరాకీలు, నిలువెత్తున చూసి నోళ్లు తెరిచారు. పోస్టుమాస్టారు అయితే బల్లకింద వంగి మరీ చూసి, "అరే, ఈవిడకు కాళ్లున్నాయి!" అని అందరికీ చూపించాడు. వదినగారు కత్తెర చేతబట్టి బల్ల దగ్గర నిలబడ్డారు. పని రెట్టింపయింది. నేను సాయంత్రాలు వచ్చి గుండీలు ఏరిపెట్టాల్సి వచ్చేది.

అందరూ ఇలా ఊగిపోతుంటే మా ఆవిడ మాత్రం రోజురోజుకూ డీలా పడుతోంది. మొదట నేను గమనించలేదు. తరువాత చూస్తే, అక్క పక్కనే ఉండగా ఖాళీ మేకు వైపు చూస్తోంది. అడిగితే "ఏం లేదు" అంటుంది. కుడుతూ కుడుతూ ఆగిపోతుంది. అక్క కత్తెర లాగేసుకుందని కోపమేమో, గిరాకీలు తనను పట్టించుకోవడం లేదని ఉక్రోషమేమో అని నా లెక్కలు నేను వేసుకున్నాను. ఆడవాళ్ల విషయంలో నా లెక్కలు ఏనాడూ కుదరలేదు, అప్పుడూ కుదరలేదు.

ఇలా ఉండగా పోస్టుమాస్టారికి వాళ్ల పాత ఆఫీసులో సన్మానం పెట్టారు. కొత్త ప్యాంటు తెచ్చాడు. మా ఆవిడ కొలతలు చూసి, "అక్కా, కుడికాలు అంగుళం పొట్టిగా కొయ్యాలి" అంది. ఇద్దరూ బల్లకు ఒకేవైపు, పక్కపక్కనే నిలబడి ఉన్నారు. అయినా తొమ్మిదేళ్ల అలవాటు ఎక్కడికి పోతుంది? చెల్లెలు కుడి అనగానే అక్క చెయ్యి దానంతటదే ఎడమకు తిరిగింది. కోసేశారు. మా ఆవిడ కుట్టేసింది.

సన్మానం రోజున, నేను మధ్యాహ్నం భోజనానికి షాపుకు వచ్చేసరికి పోస్టుమాస్టారు అద్దం ముందు నిలబడి ఉన్నాడు. కుడి ప్యాంటు బూటు కింద చీపురులా నేలను ఊడుస్తోంది. ఎడమవైపు మేజోడు మొత్తం బయటపడి గాలి పీల్చుకుంటోంది. పుట్టినప్పటినుంచి ఆయన దాచుకుంటూ వచ్చిన కాలు ఇప్పుడు వీధి చివరికి కనపడేట్టుంది. ఆయన అద్దంలో చూసుకుంటూ గుటకలు మింగుతున్నాడు.

ప్యాంటు విప్పించి, ఆయనకు ఒక దుప్పటి చుట్టి కూర్చోబెట్టారు. ఇక మొదలైంది.

"ఎడమది విప్పవే."

"ఏ ఎడమ? నీ ఎడమా, నా ఎడమా?"

"ప్యాంటు ఎడమే! దానికి నీదీ నాదీ ఏమిటే?"

"తిప్పుకోవాలా, వద్దా? అది చెప్పు ముందు!"

"ఇప్పుడెందుకు తిప్పుకోవడం, పక్కనే ఉన్నాగా!"

"మరి మొన్న నువ్వెందుకు తిప్పావ్?"

ఒకళ్లు పట్టిన కాలు ఇంకొకళ్లు లాక్కుంటున్నారు. అప్పీలు లేని జడ్జిగారు జీవితంలో మొదటిసారి కత్తెర కింద పెట్టేశారు. దుప్పటిలో పోస్టుమాస్టారు గడియారం చూసుకుంటున్నాడు. నాకు ఒక్కసారిగా చిర్రెత్తుకొచ్చింది.

"వదినగారూ! మీరు ముందు గోడెక్కండి!" అని అరిచాను.

ఇద్దరూ నా వైపు తెల్లబోయి చూశారు. తరువాత వదినగారి ముఖం వికసించింది. తన ఫోన్ తీసుకుని వెనకగదిలోకి పరిగెత్తి తలుపు వేసుకున్నారు. మా ఆవిడ తన ఫోన్‌ను మేకుకు తగిలించి వీడియో కలిపింది. గోడమీద వదినగారు ప్రత్యక్షమై కళ్లజోడు సవరించుకున్నారు. పోస్టుమాస్టారు దుప్పటిలోంచి గోడకు నమస్కారం పెట్టాడు.

"కోసిన ముక్కలున్నాయా?"

"ఉన్నాయక్కా."

"పొట్టిగా పోయినదానికి దాని ముక్క మళ్లీ అతుకు. అతుకు కనపడకుండా పైకి మడత వేసెయ్యి. రెండోది సరైన కొలతకు కోసి, దానికీ అలాంటి మడతే వెయ్యి. అడిగితే కొత్త ఫ్యాషన్ అని చెప్పు. ఊ, కుడివైపు పట్టు."

మా ఆవిడ టక్కున ఎడమవైపు పట్టింది. అంతే! చేతులు కుదుటపడ్డాయి. మిషన్ పరుగందుకుంది. తలుపు అవతల ఉన్న మనిషి ఫోన్లో చెబుతుంటే, ఇవతలి మనిషి కుడుతుంటే, మధ్యలో నేను ఇస్త్రీపెట్టె పట్టుకుని గెంతుతుంటే, పని ఇట్టే అయిపోయింది. పోస్టుమాస్టారు ప్యాంటు తొడుక్కుని అటూ ఇటూ నడిచాడు. రెండు కాళ్లూ సమానం. మడతలు చూసుకుని మురిసిపోయి, తన ప్యాంట్లన్నిటికీ అలాగే వేయాలని చెప్పి, సన్మానానికి దాదాపు పరిగెత్తాడు.

నేను చప్పట్లు కొట్టాను. గోడమీద వదినగారు పగలబడి నవ్వుతున్నారు. మా ఆవిడ కూడా నవ్వుతోంది. నవ్వుతూ నవ్వుతూ గోడ దగ్గరికి వెళ్లి ఫోన్లోకి చూసింది. చూస్తూ ఉండగానే ఆ నవ్వు ఏడుపైపోయింది. నేను ఇంకా చప్పట్లు కొడుతూనే ఉన్నాను, నాకు అర్థంకాలేదు.

"ఏమైందే బుల్లీ? బాగానే కుదిరిందిగా!" అన్నారు ఫోన్లో వదినగారు.

"గోడేదక్కా?"

"ఏ గోడే?"

"నీ వెనకాల గోడ. మన గది గోడ. తలుపేదీ? వీధేదీ?" వదినగారి వెనక అట్టపెట్టెలు, మడతమంచం తప్ప ఏమీ లేవు. "నువ్వు వచ్చేశావు. అక్కడ ఇప్పుడెవరున్నారు? నేను ఫోన్ చేస్తే ఎత్తేవాళ్లు ఎవరే?"

వదినగారు తలుపు తీసుకుని బయటికి వచ్చారు. ఫోన్ ఇంకా చేతిలోనే ఉంది.

"తొమ్మిదేళ్లు రమ్మని ప్రాణం తీశావు కదే!"

"తీశాను. నాకు కావాల్సింది నువ్వే అనుకున్నా. నువ్వే కావాలక్కా. కానీ నువ్వు అక్కడ ఉంటే నేనూ కాస్త అక్కడ ఉన్నట్టుండేది. పొద్దున్నే వీధి కనపడేది. పాలావిడ నన్ను కూడా పలకరించేది. ఇప్పుడు నాకు ఊరు లేదు."

"ఇదేం చోద్యం! మనిషి వచ్చి ముందు నిలబడితే గోడకోసం ఏడుస్తావా?" అని నేను గదమాయించాను. నా మాట ఎవరూ వినలేదు.

వదినగారు స్టూలు మీద కూర్చున్నారు. మెడలోని టేపు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ ఉన్నారు. గది తాళం గడువు దగ్గరపడుతోంది. ఆవిడ ఉండిపోతే ఆ గది పోతుంది. ఆ సంగతి ముగ్గురికీ ఒకేసారి గుర్తొచ్చింది.

"నేను వెళ్లనే" అన్నారు చివరికి. గొంతు గయ్యిమనలేదు, మెత్తగా ఉంది. "నిన్ను ఏడిపించాలని కాదు. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచి ఒక్క గదిలో నిలబడి గుడ్డలు కోశాను. ఎవరెక్కడికి వెళ్తున్నా కొత్తబట్టలు నేనే కోసిచ్చాను, నేను మాత్రం ఎక్కడికీ వెళ్లలేదు. ఇక్కడ నాకు ఒళ్లు తేలికగా ఉంది. నన్ను మళ్లీ ఆ గదిలోకి పొమ్మనకు."

మా ఆవిడ గబగబా కళ్లు తుడుచుకుంది. "పొమ్మంటానా? నా నోట ఆ మాట వస్తుందా?"

రాలేదు కూడా. తరువాత కొన్నాళ్లు ఇద్దరూ ఒకళ్లమీద ఒకళ్లు తెగ ప్రేమ ఒలకబోసుకున్నారు. చూడటానికి భయం వేసింది. వాళ్లు తిట్టుకుంటూ ఉంటేనే నాకు ధైర్యంగా ఉంటుంది. ఒకరోజు పొద్దున్నే జడ్జిగారు సుద్దముక్కతో బల్లమీద టకటకమని కొట్టి తీర్పు చెప్పారు.

"నువ్వెళ్లు."

"నేనా?" మా ఆవిడ అదిరిపడింది. "ఇల్లు? షాపు? ఈయన?"

"ఇల్లు నేను చూస్తా, షాపు నేను చూస్తా. ఆయన్ని ఆయనే చూసుకుంటారు, ముసలాడేం కాలేదుగా. నువ్వెళ్లి ఆ గది తలుపు తియ్యి. ఆరునెలలుండు. అప్పుడు నువ్విటు రా, నేనటు వెళ్తా. మళ్లీ ఆరునెలలకు మారదాం. వెళ్లనని అన్నాను కానీ, తిరిగొచ్చే దారి ఉంటే ఎందుకు వెళ్లను? ఇద్దరం ఇక్కడే ఉంటే అక్కడ ఎవరూ ఉండరు. ఇద్దరం అక్కడే ఉంటే ఇక్కడ ఎవరూ ఉండరు. చెరోచోట ఉంటేనే మనకు రెండూ ఉంటాయే."

మా ఆవిడ ఆలోచించింది. ముఖంలోకి వెలుగు వచ్చింది, పోయింది. "మరి మనిద్దరం కలిసి ఉండేదెప్పుడే?"

జడ్జిగారు సుద్దముక్క కింద పెట్టేశారు. ఇద్దరూ ఒకళ్లనొకళ్లు చూసుకున్నారు. తొమ్మిదేళ్లు ఒకళ్లకోసం ఒకళ్లు కొట్టుకులాడి, చేతికి అందాక, చేతులారా వదులుకోవాల్సి వస్తోంది. ఇస్త్రీపెట్టె వేడెక్కిందో లేదో చూస్తున్నట్టు అటు తిరిగాను.

"మారేటప్పుడు ఒక వారం ఇద్దరం ఉందాం" అన్నారు వదినగారు.

"వారమా? వారం ఏం సరిపోతుంది? పదిహేను రోజులు."

"పదిహేను రోజులు షాపు ఎవరు చూస్తారే? పది."

"పన్నెండు!"

"సరే, పన్నెండు. ఇక కుదరదు" అన్నారు వదినగారు, ఆ ఆఖరి మాట ఇక్కడి భాషలో. ఇద్దరూ కిలకిలా నవ్వారు. సంతలో గంప ఎత్తుకున్నట్టు, జీవితంలో మిగిలిన రోజుల్ని బేరమాడి తెచ్చుకున్నారు.

ఆ తరువాత వదినగారు ఉండిపోవడానికి అర్జీ పెట్టాం, మా ఇంట్లో మళ్లీ ఊపు వచ్చింది. మా ఆవిడ పెట్టె సర్దడం, విప్పడం, మళ్లీ సర్దడం. వెళ్తున్నానని ఆనందం, వెళ్తున్నానే అని దిగులు, రెండూ కలిపి తల తిరిగిపోయి, ఒకరోజు నా లిఫ్టు పనిముట్లు కూడా పెట్టెలో పెట్టేసింది. వదినగారికి మిషన్ నేర్పడం ఒక పెద్ద ప్రహసనం. సూదిలో దారం ఎక్కించలేక ఆవిడ మిషన్‌ను తిట్టిన తిట్లు విని పక్కషాపు చెప్పులాయన పరిగెత్తుకొచ్చాడు. చివరికి నేర్చుకున్నారు. మా ఆవిడా అక్క చెప్పకుండానే కత్తెర పట్టింది. కళ్లు మూసుకుని ఒక పాత దుప్పటిని నిలువునా కోసి, "కోశానక్కా!" అని షాపంతా గెంతింది.

వీడ్కోలు రోజున విమానాశ్రయంలో అక్క చెల్లెలి జాకెట్టు భుజం సవరించింది, చెల్లెలు అక్క చెంగు సవరించింది. సవరించడానికి ఏమీ లేకపోయినా సవరించుకుంటూనే ఉన్నారు. పిలుపు వచ్చాక మా ఆవిడ వెనక్కి తిరిగి తిరిగి చూస్తూ, ముందున్న ఒకాయన పెట్టెమీద పడబోయి, ఆయనకు క్షమాపణ చెప్పి, నవ్వుతూ లోపలికి వెళ్లిపోయింది. ఆ క్షణంలో నేను ఆవిడను ఎంతగా ప్రేమిస్తున్నానో నాకే తెలిసివచ్చింది. కారులో దారంతా వదినగారు కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నారు.

మా ఆవిడ చేరిన మర్నాడు సాయంత్రం పని ముగించుకుని షాపుకు వెళ్లాను. అక్కడ అప్పుడే తెల్లవారింది. ఫోన్ గోడకు తగిలించి ఉంది. అందులో మా ఆవిడ. గది తలుపు బార్లా తీసి, దానికి అడ్డంగా నిలబడి, ఊరందరి కబుర్లూ ఒకేసారి చెప్పేస్తోంది. పాలావిడ మనవడు నడుస్తున్నాడట, సైకిల్ షాపతను తనను చూసి అలక మానేసి టీ పంపాడట. ముఖం పిచ్చి సంతోషంతో పొంగిపోతోంది. చెప్పి చెప్పి, ఊపిరి తీసుకుని, "మన షాపు ముందు చెట్టు ఆకులు రాల్చిందా? నా మిషన్ మీద దుమ్ము పడనీయకండి" అంది. అంటుండగానే కళ్లనిండా నీళ్లు వచ్చాయి.

నాకు అక్కడ ఎవరూ లేరు. అమ్మానాన్నలు ఎప్పుడో పోయారు, అన్నదమ్ములు తలో దేశం పట్టిపోయారు. ఊళ్లో నేను ఫోన్ చేయడానికి ఒక్క మనిషి లేడని చాలా ఏళ్లక్రితమే సరిపెట్టేసుకున్నాను. ఇన్నాళ్లూ ఆ గోడమీది గోలంతా వాళ్లిద్దరిదే అనుకున్నాను. ఆ సాయంత్రం మాత్రం, మా ఆవిడ భుజం పక్కనుంచి కనపడుతున్న కాస్త ఎండ ముక్కను చూస్తుంటే, నాకు ఆకలి వేసినట్టయింది.

"ఇదిగో, ఆ గుమ్మానికి అడ్డం తప్పుకో" అన్నాను.

"ఏం, నా ముఖం చూడబుద్ధి కావడం లేదా?"

"వీధి కనపడటం లేదే."

మా ఆవిడ ఒక్క నిమిషం నా వైపు చూసింది. పక్కకు జరిగింది. నేను కుర్చీ లాక్కుని గోడ ముందు కూర్చున్నాను. మిషన్ ఆగిన చప్పుడైంది. పెద్దగా చూడాలని లేనట్టు, చేతిలో గుడ్డ మడతపెట్టుకుంటూ, వదినగారు కూడా తన స్టూలు తెచ్చుకుని నా పక్కన వేసుకున్నారు.